ఎసెక్స్ పాత ఇళ్లు: ఓడ దూలాల కథ నమ్మాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ కౌంటీలో, కాగిషల్ అనే ఊరి దగ్గర ఒక ఇల్లు చూశారు. అది 15వ శతాబ్దపుదని, దూలాలు పాత యుద్ధనౌకల నుంచి తీసినవని ఏజెంటు చెబుతున్నాడు. వీధి వైపు చూస్తే మామూలు ఇటుక గోడ. ఏది నమ్మాలి, అసలు ఆ ప్రాంతంలో అంత పాత ఇళ్లు ఎలా మిగిలాయి?

వయసు నిజం కావచ్చు. ఓడల కథ మాత్రం దాదాపు ఖాయంగా కట్టుకథ. నేను ఇదే కౌంటీలో అలాంటి ఒక ఇంట్లో అద్దెకున్నాను. సముద్రానికి ఎంతో దూరంగా ఉన్న ఊళ్లలో కూడా ప్రతి ఇంటివారూ ఇదే కథ చెబుతారు. అన్నీ నిజమైతే ఇంగ్లండ్ నౌకాదళంలో ఒక్క ఓడ కూడా మిగిలి ఉండేది కాదు! ఆనాటి వడ్రంగులు దగ్గర్లోని అడవుల్లో ఓక్ చెట్లు కొట్టించి, పచ్చిగా ఉండగానే చెక్కేవారు. ఎండితే ఆ కలప ఉలికి లొంగదు. ఇల్లు కట్టాక ఎండుతూ దూలాలు వంకర తిరిగాయి. ఆ వంకర చూసి జనం ఓడ అనుకున్నారు. ఏ కలపా గుచ్చకుండా ఖాళీగా కనిపించే బెజ్జాలు ఒకప్పుడు అక్కడ అడ్డుగోడో కిటికీయో ఉండేదనడానికి గుర్తులు, లేదంటే ఆ దూలం మరో పాత ఇంటి నుంచి వచ్చి ఉంటుంది. రోమన్ అంకెల్లాంటి గీతలు వడ్రంగులు పెట్టుకున్నవి. చట్రాన్ని ముందు నేలమీద అమర్చి, ఏ ముక్క ఎక్కడిదో గుర్తు పెట్టి, విప్పి తెచ్చి నిలబెట్టేవారు.

ఇంత కలప వాడకానికి కారణం నేలే. ఎసెక్స్‌లో కట్టడానికి పనికొచ్చే మంచి రాయి దాదాపు లేదు. బంకమట్టి, అడవులు ఉన్నాయి. రాయి కావలసినవారు రోమన్ శిథిలాలు తవ్వుకున్నారు. 11వ శతాబ్దం చివర్లో, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్లు కోల్చెస్టర్ కోటను రోమన్ చక్రవర్తి క్లాడియస్ ఆలయ పునాది మీదే లేపారు. గోడల్లో పలుచటి రోమన్ ఇటుకలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1683లో జాన్ వీలీ అనే ఇనుప సామాన్ల వ్యాపారి ఆ కోటను కొని, కూల్చి రాళ్లు అమ్ముకోబోయాడు. గోడల మందం చూసి కాబోలు, సగంలో వదిలేశాడు. ఆ గోడల మొండితనానికి మనం రుణపడి ఉన్నాం.

కలప ఎంతకాలం నిలుస్తుందో చూడాలంటే ఓంగర్ దగ్గర గ్రీన్‌స్టెడ్ చర్చికి వెళ్లండి. నిలువునా చీల్చిన ఓక్ మానులే దాని గోడలు. చెట్టు లోపల ఏటా ఏర్పడే వలయాలు లెక్కించే పరీక్ష వాటిని 11వ శతాబ్దపు రెండో సగానికో, ఆ దరిదాపులకో చేర్చింది. క్రెసింగ్ టెంపుల్‌లోని రెండు ధాన్యపు కొట్లు 13వ శతాబ్దానివి. 1137లో ఆ భూమిని టెంప్లర్లు అనే సన్యాసి యోధులకు రాణి మటిల్డా దానమిచ్చింది. ఒక కొట్టు బార్లీకి, మరొకటి గోధుమకు. లోపల నిలబడి పైకప్పు చూస్తే వడ్రంగం మీద గౌరవం పెరుగుతుంది.

ఇక మీ ఇంటి సంగతి. ముఖం చూసి వయసు చెప్పకండి, అటక ఎక్కండి. 15వ శతాబ్దపు ఇళ్లలో మధ్యగది నేల నుంచి కప్పు దాకా తెరిచి ఉండేది. పొగగొట్టం లేదు, గది నడుమ నిప్పు వేస్తే పొగ కప్పులోంచి పోయేది. అందుకే వాసాలకు మసి పట్టి ఉంటుంది. కట్టెల పొయ్యి వంటిళ్లు చూసినవారికి ఆ నలుపు కొత్త కాదు. 16వ శతాబ్దంలో ఇటుక పొగగొట్టాలు కట్టి, ఆ గదికి అడ్డంగా పై అంతస్తు వేశారు. కనుక పడకగది పైన మసి పట్టిన వాసాలు కనిపిస్తే ఏజెంటు మాట నిజమయ్యే అవకాశం ఎక్కువ. అడ్డదూలం మధ్యలో ఒకే పొట్టి స్తంభం లేచి, నాలుగు వైపులా చేతులు చాచినట్టు ఉందా? దాన్ని క్రౌన్ పోస్ట్ అంటారు. అది ఎక్కువగా 16వ శతాబ్దం మొదటి భాగానికి ముందుది. ఖచ్చితమైన సంవత్సరం కావాలంటే దూలానికి సన్నని రంధ్రం వేసి వలయాలు లెక్కించాలి.

ఇటుక గోడ చూసి నిరాశపడకండి. 18వ శతాబ్దంలో ఫ్యాషన్ కోసం పాత చట్రానికి కొత్త ఇటుక ముఖం తొడిగారు. వెనక్కి వెళ్లి చూడండి, తడికెకు మట్టి మెత్తిన గోడ దొరకవచ్చు. కాగిషల్‌లోనే 1509 ప్రాంతంలో బట్టల వ్యాపారి థామస్ పేకాక్ కట్టించిన ఇల్లు ఉంది; 1924 నుంచి పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. ఈ ఊళ్లు ఉన్ని బట్టల డబ్బుతో లేచాయి. తర్వాత ఆ వ్యాపారం కూలింది. ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత చాలామందికి లేకపోయింది, ముఖం మార్చుకుని సరిపెట్టుకున్నారు. మీ రెండో ప్రశ్నకు నా జవాబు అదే.

కొనే ముందు, చారిత్రక కట్టడాలను చూసుకునే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్ జాబితాలో ఇంటి పేరు వెతకండి, ఉచితమే. 1700కు ముందువి, పాత రూపం నిలిచి ఉంటే, దాదాపు అన్నీ అందులో ఉంటాయి. జాబితాలో ఉంటే అనుమతి లేకుండా దాని రూపం, స్వభావం మార్చడం నేరం. చెల్మ్స్‌ఫోర్డ్‌లోని ఎసెక్స్ రికార్డ్ ఆఫీసులో 1836 చట్టం తర్వాత గీసిన టైథ్ పటాలు, అంటే చర్చికి కట్టే పంట పన్ను లెక్క కోసం గీసిన భూముల పటాలు ఉన్నాయి. ఇల్లు ఎవరి పేరున ఉండేదో వాటిలో తెలుస్తుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. గోడకు సున్నపు గార ఉందా, సిమెంటు పూశారా అని అడగండి. మేమున్న ఇంటికి యజమాని పిలిపించిన పనివారు సిమెంటు పూశారు. లోపలి తడి బయటికి పోయే దారి లేక, గోడ చట్రం అడుగున పరిచిన దూలం పుచ్చి, వేలితో నొక్కితే పిండిలా రాలేది. పాత ఇళ్ల పని తెలిసిన సర్వేయరు చేత ఆ అడుగు దూలాన్ని పరీక్ష చేయించాకే ధర మాట్లాడండి.