రాళ్లు నునుపు చేసే డ్రమ్ము మూత ఎగిరి గాయమైతే తయారుచేసినవారి బాధ్యత ఎంత?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. వర్క్‌షాపు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. గోదావరి గులకరాళ్లను నునుపు చేయడం నా వ్యాపకం. 110 మి.మీ. పీవీసీ పైపు ముక్కకు ఒకవైపు ఎండ్ క్యాప్ అంటించి, రెండోవైపు మరలున్న మూత పెట్టి, వైపర్ మోటారుతో తిరిగే డ్రమ్ములు తయారుచేశాను. మూత వంగకుండా లోపలివైపు అల్యూమినియం బిళ్ళను బోల్టుతో బిగించాను. ఒక్కొక్కటి 4,500 రూపాయల చొప్పున పదిమందికి అమ్మాను. రాళ్లను అరగదీసే కార్బోరండం (సిలికాన్ కార్బైడ్) పొడి బస్తాగా కొని, కిలో ప్యాకెట్లు కట్టి వాటితోపాటే ఇచ్చాను. బురద గట్టిపడకుండా చెంచాడు బట్టల సోడా వేసుకోమని వాట్సాప్‌లో చెప్పాను. విజయవాడలో ఒకాయన ఎనిమిది రోజులు డ్రమ్ము తెరవకుండా తిప్పి, మూత రాకపోవడంతో పైపు రెంచితో విప్పబోయారట. మూత ఎగిరి ముఖానికి తగిలి, కంటికి ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఆరు లక్షలు ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామని, పేలుడు పదార్థాల చట్టం కింద క్రిమినల్ కేసు కూడా పెడతామని లాయరు నోటీసు వచ్చింది. 'వాడకంలో జరిగే నష్టానికి నాదే బాధ్యత' అని ఆయన కొన్నప్పుడు సంతకం చేశారు. నాకు కంపెనీ లేదు, జీఎస్టీ లేదు, లాభమూ దాదాపు లేదు. నేను బాధ్యుడినవుతానా? అరెస్టు చేస్తారా?

జవాబు: నోటీసుకు సమాధానం రాయడానికి ముందే మీరు చేయవలసిన పని ఒకటుంది. మిగతా తొమ్మిదిమంది దగ్గర అదే మూత, అదే బిళ్ళ, అదే సోడా సలహా ఉన్నాయి. ఈ రోజే వారందరికీ ఫోన్ చేసి డ్రమ్ములు ఆపించండి. అదే విషయాన్ని రాతపూర్వకంగా, అందినట్టు ఆధారం మిగిలేలా స్పీడ్ పోస్టులోనూ వాట్సాప్‌లోనూ పంపండి. దీన్ని ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, విజయవాడలో జరిగిన ప్రమాదం నాటికి ఈ అపాయం గురించి మీకు తెలియదని మీరు చెప్పుకోగలరు. నోటీసు అందిన క్షణం నుంచి ఆ మాటకు విలువ లేదు. రేపు మరొకరికి గాయమైతే దాన్ని చట్టం పొరపాటుగా కాక, తెలిసి ఊరుకోవడంగా చూస్తుంది. సివిల్ బాధ్యతకూ క్రిమినల్ బాధ్యతకూ ఉన్న దూరం అక్కడే చాలా తగ్గిపోతుంది.

ఇక డ్రమ్ములో ఏం జరిగి ఉండవచ్చో చూద్దాం. కేసు మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర దాన్ని నీటి నుంచి కాపాడుతుంది. కానీ బట్టల సోడా, అంటే సోడియం కార్బొనేట్, కలిసిన నీరు గట్టి క్షార గుణం కలది కాబట్టి ఆ పొరను కరిగిస్తుంది. తిరుగుతున్న డ్రమ్ములో అరగదీసే పొడి కూడా ఆ పొరను ఎప్పటికప్పుడు గీకేస్తూనే ఉంటుంది. అలా బయటపడిన లోహం నీటితో చర్య జరిపి హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తుంది. దీనికి తోడు, నాసిరకం కార్బోరండంలో కార్బైడ్‌గా మారకుండా మిగిలిపోయిన సిలికాన్ ఉంటే అది కూడా క్షార జలంలో హైడ్రోజన్‌నే ఇస్తుంది. అవతలివారు సున్నపురాయి జాతి రాళ్లు వేసి, శుభ్రపడతాయని వెనిగర్ లాంటి ఆమ్లం కలిపి ఉంటే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఈ మూడింటిలో మొదటిది మీ డిజైన్‌కూ మీ సలహాకూ, రెండోది మీరు ప్యాకెట్ కట్టిన పొడికీ, మూడోది కొనుగోలుదారు చేసిన పనికీ చెందుతాయి. అసలు కారణం వీటిలో ఏదో తేలకుండా ఎవరి వాటా ఎంతో తేలదు.

పీవీసీ పైపు మీద పీడనం అంకె ముద్రించి ఉంటుంది కదా అని మీరు అనుకోవచ్చు. ఐఎస్ 4985 అనే భారతీయ ప్రమాణం తాగునీటి పైపులకు సంబంధించినది. ఆ అంకె నీటి పీడనానికి చెందినదే తప్ప, లోపల బిగిసిన వాయువుకూ మీరు ఇంట్లో అమర్చిన మూతకూ వర్తించదు. 110 మి.మీ. పైపు మూత లోపలి వైశాల్యం సుమారు 85 చదరపు సెంటీమీటర్లు. లోపల పీడనం చదరపు సెంటీమీటరుకు ఒక కిలో పెరిగితే చాలు, ఆ మూతను బయటికి నెట్టే బలం దాదాపు 85 కిలోలవుతుంది. మరలు ఎంత గట్టిగా పట్టి ఉంచితే, విప్పిన క్షణంలో మూత అంత జోరుగా ఎగురుతుంది. రబ్బరు డ్రమ్ముల్లో తక్కువ పీడనానికే గోడ ఉబ్బుతుంది, మూత సడలుతుంది. గట్టి మరమూతలో ఆ ముందస్తు సూచన ఉండదు. దీన్ని డిజైన్ లోపమని అవతలి లాయరు తప్పకుండా వాదిస్తారు, ఆ వాదనలో బలం ఉందనే నా అభిప్రాయం.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని ఆరో అధ్యాయం, అంటే 82 నుంచి 87 వరకు ఉన్న సెక్షన్లు, ఉత్పత్తి బాధ్యతకు సంబంధించినవి. 'ఉత్పత్తిదారు' అనే మాటకు సెక్షన్ 2(36) ఇచ్చిన నిర్వచనంలో కంపెనీ ఉండాలనో, జీఎస్టీ నంబరు ఉండాలనో, లాభం రావాలనో లేదు. వస్తువును గానీ దాని భాగాన్ని గానీ తయారుచేసేవారు, ఇతరులు చేసిన భాగాలను కూర్చేవారు కూడా అందులోకి వస్తారు. 'వ్యాపార క్రమంలో' అనే షరతు అమ్మకందారు నిర్వచనంలో ఉంది కానీ, ఉత్పత్తిదారు నిర్వచనంలో ఆ రూపంలో లేదు. పదిమందికి డబ్బు తీసుకుని అమ్మిన మీరు ఇది కేవలం వ్యాపకమని చెప్పి ఈ చట్టం నుంచి బయటపడటం కష్టం. వాడుకోవడానికి కొన్న ఆయన 'వినియోగదారుడు' అనే నిర్వచనంలో సులభంగా ఇముడుతారు.

సెక్షన్ 84 ప్రకారం తయారీ లోపం ఉన్నా, డిజైన్ లోపం ఉన్నా, సరైన వాడకానికి తగిన సూచనలు గానీ తప్పు వాడకంపై హెచ్చరిక గానీ ఇవ్వకపోయినా ఉత్పత్తిదారు బాధ్యుడే. మీరు నిర్లక్ష్యంగా ఉన్నారని విడిగా నిరూపించమని ఆ సెక్షన్ ఫిర్యాదుదారుని అడగదు. మీ విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది హెచ్చరిక లేకపోవడం. రోజుకోసారి మోటారు ఆపి, మూత సడలించి వాయువు వదలాలని గానీ, మూత బిగిసిపోతే పనిముట్టుతో విప్పవద్దని గానీ మీరు ఎక్కడా చెప్పినట్టు లేదు. పైగా సోడా వేయమన్న మాట మీ ఫోన్ నుంచే వెళ్లింది. ఆ సందేశాలను చెరిపేయాలన్న ఆలోచన రానీయకండి. అవతలివారి ఫోన్‌లో అవి ఎలాగూ ఉంటాయి. చెరిపినవారు మీరైతే, సాక్ష్యాన్ని మాయం చేశారన్న మరో ఆరోపణ నెత్తిన పడుతుంది.

మీకు అనుకూలమైన అంశాలు లేకపోలేదు. వస్తువును దుర్వినియోగం చేసినా, మార్పులు చేసినా దావా చెల్లదని సెక్షన్ 87(1) చెబుతుంది. అయితే ఆ రక్షణ అక్షరాలా అమ్మకందారుకు ఇచ్చినది. అమ్మకందారే ఉత్పత్తిదారు కూడా అయినప్పుడు చట్టం ఆయనను ఉత్పత్తిదారుగానే లెక్కిస్తుంది కాబట్టి, దాని మీదే భారం వేయకండి. మీకు సూటిగా పనికొచ్చేది 87(3). అందరికీ తెలిసిన, లేదా వాడేవారికి తెలిసి ఉండవలసిన అపాయం గురించి హెచ్చరించలేదని ఉత్పత్తిదారును తప్పుపట్టకూడదని అది అంటుంది. మూసిన డబ్బా మూత చేతికి రాకుండా బిగిసినప్పుడు ముఖం దగ్గర పెట్టుకుని రెంచి వేయకూడదన్నది సామాన్య జ్ఞానమే కదా అని మీ లాయరు వాదించవచ్చు. రాయీ నీళ్లూ పొడీ వేసిన డ్రమ్ములో వాయువు పుడుతుందని కొత్తవారికి ఎలా తెలుస్తుందని అవతలివారు అడుగుతారు. ఈ వాదనతో పరిహారం తగ్గవచ్చునే గాని, కేసు పూర్తిగా కొట్టుకుపోతుందని మీకు ధైర్యం చెప్పలేను.

సంతకం చేయించుకున్న కాగితానికి మీరు అనుకుంటున్నంత బలం లేదు. 'నష్టానికి నాదే బాధ్యత' అన్న వాక్యంలో ఏ నష్టమో, ఎలా వస్తుందో లేదు. చట్టం అడిగేది హెచ్చరికను, బాధ్యత వదులుకున్నట్టు రాయించుకున్న పత్రాన్ని కాదు. ఉత్పత్తి బాధ్యత చట్టం విధించినది. వినియోగదారుని హక్కులను గణనీయంగా తగ్గించే ఒప్పందాన్ని అన్యాయపు ఒప్పందంగా పరిగణించే వీలు కూడా అదే చట్టంలో ఉంది. ఆ కాగితంలో 'లోపల వాయువు పేరుకోవచ్చు' అన్న ఒక్క ముక్క ఉండి ఉంటే ఈ రోజు అది మీకు విలువైన సాక్ష్యమయ్యేది.

క్రిమినల్ కేసు సంగతికి వస్తే, పేలుడు పదార్థాల చట్టం, 1908 బెదిరింపుకు మీరు భయపడనక్కరలేదు. ఆ చట్టం దురుద్దేశంతో పేలుడు కలిగించడాన్నీ, అందుకు పదార్థాలు తయారుచేసుకోవడాన్నీ శిక్షిస్తుంది. రాళ్లు నునుపు చేసే డ్రమ్ము అందులోకి రాదు. ఇది వాయువును నిల్వ చేయడానికో రవాణా చేయడానికో ఉద్దేశించిన పాత్ర కూడా కాదు కాబట్టి గ్యాస్ సిలిండర్ నిబంధనలూ వర్తించవు. వర్తించగలిగేది భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 125. ఇతరుల ప్రాణానికి, భద్రతకు అపాయం కలిగించేంత నిర్లక్ష్యంగా చేసిన పనివల్ల సాధారణ గాయమైతే ఆరు నెలల వరకు, తీవ్ర గాయమైతే మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఒక కంటి చూపు శాశ్వతంగా పోయినా, 15 రోజులపాటు రోజువారీ పనులు చేసుకోలేకపోయినా సెక్షన్ 116 దాన్ని తీవ్ర గాయమంటుంది. అందుకే ఆయన వైద్య నివేదికలో ఏముందన్నది మీకు చాలా ముఖ్యం.

ఈ నేరాలు బెయిలబుల్. అంటే బెయిలు మీ హక్కు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టులు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లో ఆర్నేశ్ కుమార్ కేసులో చెప్పింది. అరెస్టు అవసరం లేనప్పుడు పోలీసులు హాజరు కమ్మని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35(3) కింద నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు వస్తే తప్పకుండా వెళ్లండి. వెళ్లకపోవడమే అరెస్టుకు దారి తీస్తుంది.

లాయరు నోటీసుకు జవాబులో మీరు గట్టిగా పట్టుబట్టవలసిన విషయం ఒక్కటే. డ్రమ్ము, మూత, బిళ్ళ, అందులో మిగిలిన బురద, రాళ్లు, వాడిన పొడి ప్యాకెట్ ఏవీ కదపకుండా భద్రపరచమని కోరండి. పరీక్ష చేస్తే గానీ తేలని లోపమైతే కమిషన్ నమూనాను సీలు చేసి తగిన ప్రయోగశాలకు పంపించాలని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 చెబుతుంది. బురద క్షార గుణమెంత, బిళ్ళ ఎంత తిన్నది, రాళ్లలో సున్నపురాయి ఉందా, పొడిలో సిలికాన్ మిగిలి ఉందా అన్నవి అక్కడే తెలుస్తాయి. మీ దగ్గర మిగిలిన బస్తానూ, కొన్న బిల్లునూ కూడా అలాగే దాచండి. పొడిలో లోపం తేలితే దాన్ని అమ్మినవారిని కూడా కేసులో చేర్చమని అడగవచ్చు. అయితే మీరు బస్తా విప్పి కట్టిన కిలో ప్యాకెట్లపై ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, సరుకు పేరు, నికర బరువు, ధర, తేదీ లాంటి వివరాలు లేకపోతే అది 2011 నాటి ప్యాకేజ్డ్ సరుకుల నిబంధనలకు విరుద్ధం. ఆ ప్యాకెట్ల అమ్మకం వెంటనే ఆపండి.

తొమ్మిదిమందికి రాసే ఉత్తరంలో క్షమాపణలకన్నా సూచనలు ముఖ్యం. మోటారు ఆపి ప్లగ్గు తీయాలి. మూతను విప్పకుండా డ్రమ్మును ఆరుబయట, పిల్లలకు అందనిచోట, మూత ఎవరివైపూ లేకుండా ఉంచాలి. హైడ్రోజన్ గాలిలో సుమారు 4 శాతం చేరినా చాలు, అంటుకోగలదు కాబట్టి దగ్గర పొయ్యి, సిగరెట్, నిప్పురవ్వ ఉండకూడదు. బిగిసిన మూతపై రెంచి వేయకూడదు. డ్రమ్మును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇస్తానని కూడా రాయండి. ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకోమని ఆదేశించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు సెక్షన్ 20 కింద ఉంది. ఆ ఆదేశం వచ్చేవరకు ఆగకుండా మీరే చేశారన్నది ఏ న్యాయస్థానంలోనైనా మీ పక్షాన నిలుస్తుంది. పొడి దుమ్ముగా లేచినప్పుడు పీల్చవద్దని, తడిగానే వాడమని కూడా చేర్చండి. పలుగురాయి, అగేట్ రాళ్ల దుమ్ము ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో గుజరాత్‌లోని ఖంభాత్‌లో అగేట్ పనివారిని పీడించిన సిలికోసిస్ చూపించింది.

పరిహారం ఆరు లక్షలు అడిగినా, కమిషన్ పరిధి నిర్ణయించేది ఆయన చెల్లించిన ధర. 4,500 రూపాయల వస్తువు కాబట్టి కేసు జిల్లా కమిషన్‌లోనే వేస్తారు. ఆయన నివసించే చోటే, అంటే విజయవాడలోనే వేయవచ్చు, ఫీజు కూడా ఉండదు. రెండేళ్ల లోపు ఎప్పుడైనా వేయవచ్చు. కమిషన్ నోటీసు అందాక మీ లిఖిత జవాబుకు 30 రోజులు, మహా అయితే మరో 15 రోజులు గడువు. ఆ 45 రోజులు దాటితే పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో స్పష్టం చేసింది.

నా సలహా అడిగితే, ఆయన వైద్య ఖర్చుల బిల్లులు, పనికి వెళ్లలేని రోజుల ఆదాయానికి ఆధారాలు పంపమని కోరి, వాటి మీద రాజీకి సిద్ధమని రాయండి. చూపు సంగతి తేలేవరకు మొత్తం ఎంతో ఇప్పుడే ఒప్పుకోకండి. కానీ ఆపరేషన్ ఖర్చు మాత్రం ఆలస్యం చేయకుండా ఇవ్వడం న్యాయమని నేను భావిస్తాను. ఆ డబ్బు రాజీ చర్చల్లో భాగంగా, బాధ్యతను అంగీకరించినట్టు కాకుండా ఇస్తున్నామని, ఈ చర్చలను సాక్ష్యంగా వాడరాదన్న షరతుతో, ఉత్తరంలో స్పష్టంగా రాసి బ్యాంకు ద్వారానే పంపండి. చేతికి నగదు ఇవ్వకండి. సెక్షన్ 125 కింద కేసు నమోదైనా అది రాజీకి వీలున్న నేరమే. కాబట్టి తుది ఒప్పందంలో సివిల్ పరిహారంతో పాటు ఆ కేసు రాజీకి ఆయన సహకరించే మాట కూడా రాయించి, ఇద్దరూ మీ మీ లాయర్ల సమక్షంలో సంతకాలు చేయండి.