గాలం రీలు బిగుసుకుపోయింది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా బావ మస్కట్ నుంచి వచ్చేటప్పుడు సముద్రంలో పెద్ద చేపలు పట్టే రీలు తెచ్చి నాకిచ్చాడు. పక్కన లివర్ ఉంటుంది, ముందుకు తోస్తే బిగుస్తుంది. అక్కడ బోటు మీద బాగానే వాడాడట. రెండేళ్లుగా మా ఇంట్లో బీరువా మీద డబ్బాలోనే ఉంది. ఇప్పుడు తీసి చూస్తే హ్యాండిల్ గట్టిగా తిరుగుతోంది, స్క్రూల చుట్టూ తెల్లటి పొడి, దారం లాగితే ఆగి ఆగి వస్తోంది. ఒకాయన మొత్తం పెట్రోల్‌లో నానబెట్టమన్నాడు, ఇంకొకాయన గ్రీజు దట్టించమన్నాడు. ఏది చేయాలి?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: రెండూ వద్దు. ముందు ఆ లివర్‌ను పూర్తిగా వెనక్కి లాగేయండి, మిగతావి తర్వాత చూద్దాం. మీరు రాసిన దాన్ని బట్టి ఆ రీలును లివర్ ముందుకు తోసి ఉండగానే డబ్బాలో పెట్టేసినట్టుంది. ఆ లివర్ చేసే పనల్లా లోపలున్న డ్రాగ్ ప్లేటును స్పూలుకు, అంటే దారం చుట్టుకునే చక్రానికి, అదిమి పట్టడం. అంటే అది బ్రేకే, దాన్నే డ్రాగ్ అంటారు. రెండేళ్లు అలా అదిమి ఉంచితే ప్లేటు అతుక్కున్నట్టు అయిపోతుంది, అందుకే దారం సాఫీగా రాకుండా ఆగి ఆగి వస్తోంది. ఇది చిన్న సంగతి అనుకోకండి. పెద్ద చేప ఒక్కసారిగా పరుగు తీసినప్పుడు బ్రేకు ఆ మొదటి క్షణం పట్టేసి తర్వాత వదిలితే, ఆ పట్టేసిన క్షణంలోనే దారం తెగిపోతుంది.

తెల్ల పొడి అల్యూమినియం తుప్పు. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీళ్లు ఆరిపోయినా ఆ ఉప్పు స్క్రూ సందుల్లో ఉండిపోతుంది, వానాకాలం గాల్లో తేమ పెరగగానే దాన్ని పీల్చుకుని మళ్లీ పని మొదలుపెడుతుంది. స్టీలు స్క్రూ అల్యూమినియంలో దిగిన చోట అయితే మరీ ఎక్కువ. కాబట్టి వరంగల్‌లో సముద్రం లేదు కదా, ఇంకేం తుప్పు పడుతుందిలే అనుకుంటే కుదరదు. ఉప్పు మీ బావతో పాటే వచ్చింది.

ఇప్పుడు విప్పాలి. పాత దారం మొత్తం తీసి పారేయండి, ఉప్పంతా అందులోనే ఉంటుంది, పైగా నైలాన్ దారం ఎండకు బలం కోల్పోతుంది. రీలు మీద మోడల్ నంబరు ఉంటుంది, దాంతో నెట్‌లో వెతికితే చాలా కంపెనీల రీళ్లకు విడిభాగాల బొమ్మ దొరుకుతుంది. అది ముందు పెట్టుకుని, తెల్ల తువ్వాలు పరిచి, తీసిన ప్రతి ముక్కనూ తీసిన వరసలోనే పెడుతూ, ఒక్కో మెట్టుకూ ఫోన్లో ఫోటో తీయండి. స్క్రూ రాకపోతే బలం చూపించొద్దు, తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి, పొద్దున సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో తిప్పండి. తల అరిగిపోయిన స్క్రూను తీయడం ఎంత నరకమో మోటార్ సైకిల్ మెకానిక్‌ను అడిగితే చెబుతాడు.

గ్రీజు సంగతి. గేరు పళ్లకు పల్చగా రాయాలి, అది కూడా నీటికి కొట్టుకుపోని మెరైన్ గ్రీజు. బేరింగులకు గ్రీజు కాదు, పల్చటి నూనె ఒకటి రెండు చుక్కలు చాలు. కొన్ని రీళ్లలో హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ బేరింగ్ ఒకటి ఉంటుంది, దానికి చిక్కటి గ్రీజు పెడితే పట్టు తప్పి హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి వేళ్ల మీద కొడుతుంది. ఇక డ్రాగ్ ప్లేటు కార్బన్‌ది అయితే దాని జోలికి మామూలు గ్రీజు, నూనె, పెట్రోల్ ఏదీ పోకూడదు. పొడి గుడ్డతో తుడవండి. కంపెనీ రాయమంటే మాత్రం డ్రాగ్ గ్రీజు అని విడిగా అమ్ముతారు, అది చేతికి అంటీ అంటనంత. శుభ్రం చేశాక కూడా బేరింగ్ గరగరమంటే మార్చేయండి, మీద నంబరు ఉంటుంది, బేరింగ్ షాపులో ఆ కొలత చెప్పి స్టెయిన్‌లెస్‌ది అడగండి. బిగించేటప్పుడు స్క్రూ మరలకు కాస్త మెరైన్ గ్రీజు పూస్తే వచ్చేసారి తేలిగ్గా వస్తాయి.

ప్రశ్న: సముద్రం రీలుకు కొత్తగా అల్లిక దారం చుట్టించాను. మానేరు డ్యామ్ దగ్గర రాయికి గాలం చిక్కితే లాగి చూశాను. డ్రాగ్ పూర్తిగా బిగించినా హ్యాండిల్ తిరుగుతోంది కానీ దారం మాత్రం రావడం లేదు. రీలు పాడైపోయిందా? అసలు డ్రాగ్ ఎంత బిగించాలి?
– ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: రీలు బాగానే ఉండొచ్చు. స్పూలు అంచు మీద మార్కర్‌తో ఒక చుక్క పెట్టండి, దానికెదురుగా దారం చుట్ట మీద ఇంకో చుక్క. మళ్లీ లాగి చూడండి. చుక్కలు రెండూ ఎదురెదురుగానే ఉండి హ్యాండిల్ ఊరికే తిరుగుతుంటే డ్రాగ్ జారుతోంది. చుక్కలు విడిపోయాయంటే దారమే స్పూలు మీద మొత్తంగా జారుతోంది. మీది రెండోదే అయి ఉంటుంది. అల్లిక దారం నున్నగా ఉంటుంది, ముడి ఎంత గట్టిగా వేసినా నునుపు స్పూలును పట్టుకోదు. కింద కొన్ని మీటర్లు మామూలు నైలాన్ దారం చుట్టి, దానికి అల్లిక దారం కట్టి చుట్టండి, సరిపోతుంది. చుట్టేటప్పుడు ఎవరైనా తడి గుడ్డతో దారం పట్టుకుని బిగువుగా వదలాలి. వదులుగా చుడితే చేప లాగినప్పుడు పై దారం కింది పొరల్లోకి దిగబడి ఇరుక్కుంటుంది. దారాన్ని సమంగా పరిచే ఏర్పాటు ఈ పెద్ద రీళ్లలో సాధారణంగా ఉండదు, ఎడమ బొటనవేలితో అటూ ఇటూ మనమే పరచాలి.

ఎంత బిగించాలి అంటే, దారం తెగే బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా. 30 పౌండ్ల దారమంటే సుమారు 13.6 కిలోలు, కాబట్టి మూడున్నర నుంచి నాలుగున్నర కిలోలు. చేత్తో లాగి ‘ఆఁ సరిపోయింది’ అనేవాళ్లను నమ్మొద్దు. గల్ఫ్ నుంచి వచ్చినోళ్లున్న ఇంట్లో లగేజీ తూచే చేతి కాంటా ఎక్కడో ఒకచోట ఉంటుంది, దాని కొక్కేనికి దారం కట్టి లాగండి, స్పూలు తిరగడం మొదలైనప్పుడు ఎంత చూపిస్తుందో అదే మీ డ్రాగ్. లివర్ రీలైతే స్ట్రైక్ అని గుర్తున్న చోట లివర్ పెట్టి తూచాలి. తక్కువ వస్తే లివర్‌ను పూర్తిగా వెనక్కి తెచ్చాకే పక్కనున్న గుండీ తిప్పాలి. లివర్ ముందుకు ఉండగా తిప్పడం చాలామంది చేసే పనే, లోపలి భాగాలకు అది మంచిది కాదు.

ఇంకో సంగతి, పెద్ద చేప 200 మీటర్ల దారం లాక్కుపోయిందనుకోండి, స్పూలు మీద చుట్ట సన్నబడుతుంది. చుట్ట వ్యాసం సగమైతే అదే లివర్ దగ్గర లాగడానికి పట్టే బలం రెట్టింపు అవుతుంది. దానికి నీళ్లలో ఈడ్చుకుపోయే దారం బరువు తోడు. అప్పుడు కంగారుపడి ఇంకా బిగిస్తారు, అక్కడే తెగుతుంది. ఆ సమయంలో కొంచెం వదలాలి.

మానేరులో ఈ రీలు వాడొచ్చా అని మీరు అడగలేదు కానీ, వాడొచ్చు, సరదా మాత్రం ఉండదు. వంజరం, సూర లాంటివాటి కోసం చేసిన సరుకుతో రవ్వనో బొచ్చెనో పడితే గాలానికి ఏం తగిలిందో కూడా తెలియదు. చెరువులకు చిన్న స్పిన్నింగ్ రీలు కొనుక్కోండి. కొరమట్టకైతే మరీను.

ప్రశ్న: ఎండాకాలం సెలవుల్లో మేం నలుగురం విశాఖ వెళ్లి బోటు మాట్లాడుకుని సముద్రంలో గాలం వేయాలనుకుంటున్నాం. రీలు విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఓ పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ముందు తేదీలు మార్చుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల గుడ్ల కాలం, మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలూ రీలు విప్పి శుభ్రం చేసుకోవడానికి పెట్టుకోండి.

వెళ్లినప్పుడు ఒడ్డుకు వచ్చిన రోజే కడగాలి, కాజీపేటలో రైలు దిగాక చూద్దాంలే అంటే ఆలస్యమే. డ్రాగ్ బిగించి, మగ్గుతో మంచినీళ్లు మెల్లగా పోయండి. బిగించమనేది లోపలికి నీళ్లు పోకుండా. పైపు పెట్టి జోరుగా కొట్టారంటే ఉప్పు బయటికి రాదు, ఇంకా లోపలికి వెళ్తుంది. బకెట్లో ముంచడమూ అంతే. మెత్తటి గుడ్డతో తుడిచి, డ్రాగ్ వదులు చేసి, నీడలో ఆరబెట్టండి. తడిగా ప్లాస్టిక్ కవర్లో చుట్టి సంచిలో వేయొద్దు, గుడ్డ సంచి మేలు. ఇంటికొచ్చాక మళ్లీ ఓసారి కడిగితే బోరు నీళ్లు కాకుండా నల్లా నీళ్లు వాడండి, ఉప్పటి బోరు నీళ్లు ఆరాక తెల్ల మరకలు పెడతాయి, అది తుప్పో మరకో తేల్చుకోలేక మళ్లీ నాకు ఉత్తరం రాస్తారు.