చెల్లీ, సైకిలునే నీ మోకాలికి సరిచేయించు

చెల్లీ,

మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్ తర్వాత సైకిలెక్కొచ్చని డాక్టరు గారు ఒప్పుకున్నా, పెడల్ పైకొచ్చేసరికి కాలు వంగక అక్కడే ఆగిపోతోందని నిన్న ఫోన్లో చెప్పావు. నీ గొంతు విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నా మోకాలి ఆపరేషన్ అయిన ఏడాది నేనూ అలాగే సైకిలు పక్కన నిలబడి ఏడ్చాను.

మామూలు సైకిలు మీద ఒక చుట్టు పూర్తిగా తిరగాలంటే మోకాలు సుమారు 105 నుంచి 110 డిగ్రీలు వంగాలి. నీకు 95 వంగుతోంది. ఆ తేడా దగ్గరే కాలు ఆగుతోంది. దాన్ని బలవంతంగా మాత్రం దాటించకు. రెండో నెలలో నేను పళ్లు బిగించి ఒక్క తోపుతో తిప్పేశాను. మోకాలు బోండంలా ఉబ్బి, వారం రోజులు గడప దాటలేకపోయాను.

ముందు సీటు లేపించు. సీటు పైకెళ్లిన కొద్దీ మోకాలు తక్కువ వంగితే చాలు. అయితే మరీ లేపితే కింద పెడల్ అందక నడుము అటూ ఇటూ ఊగుతుంది. అందుకే క్రాంకు కూడా మార్పించమంటున్నాను. పెడల్ బిగించి ఉండే ఆ ఇనప కడ్డీ మామూలుగా 165, 170 మిల్లీమీటర్లు ఉంటుంది. 165 ఉన్నదాన్ని 140 చేశావనుకో, పెడల్ పైకొచ్చినప్పుడు 25 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తుకొస్తుంది. కిందికెళ్లినప్పుడు కూడా అంతే తక్కువ దిగుతుంది కనుక సీటు మరో 25 లేపుకోవచ్చు. మొత్తం రెండంగుళాలు కలిసొచ్చినట్టే. పిల్లల సైకిళ్లకి పొట్టి క్రాంకులుంటాయి, నీ సైకిలుకి సరిపడేది ఉందేమో షాపులో అడిగించు. రెండు వైపులా ఒకే కొలత వేయించు.

రోడ్డెక్కే ముందు పది రోజులు వాకిట్లోనే తొక్కు. వెనక స్టాండు వేసి, సైకిలుని గోడ వారగా పెట్టి, మరిదిగారిని హ్యాండిలు పట్టుకోమను. మొదట సగం చుట్టు ముందుకి, సగం వెనక్కి, ఉయ్యాల ఊపినట్టు. తర్వాత వెనక్కి పూర్తి చుట్టు. అది నొప్పి లేకుండా వచ్చాకే ముందుకి. ఐదు నిమిషాలు చాలు. సాయంత్రానికి వాపొస్తే గుడ్డలో ఐసు చుట్టి పావుగంట పెట్టి, మర్నాడు తొక్కడం తగ్గించు. పిక్క వాచి నొప్పెట్టినా, జ్వరం వచ్చినా, మోకాలు ఎర్రబడి వేడిగా ఉన్నా ఆ రోజే డాక్టరు గారికి చూపించు.

బారు లేని లేడీస్ సైకిలే వాడు. చీర వద్దు, చుడీదార్ వేసుకో. సైకిలుని నీ వైపు వంచి, ఆపరేషనైన కాలిని నెమ్మదిగా అటువైపు దాటించు. సీటు ఎత్తు పెరిగింది కాబట్టి కూర్చుని ఉండగా కాలు నేలకందదు. ఆగేటప్పుడు ముందుకి జారి, మంచి కాలు కింద పెట్టు. నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే. పడి కృత్రిమ కీలు దగ్గర ఎముక విరిగితే మళ్లీ పెద్ద ఆపరేషనే.

మన కోనసీమ నేల చదును, అది మన అదృష్టం. కానీ కాలవ వంతెనల దగ్గర, లాకుల దగ్గర ఉన్నట్టుండి ఎత్తొస్తుంది. అక్కడ మొహమాటపడకుండా దిగి నడిపించుకెళ్లు. వాన పడ్డ రోజు కాలవ గట్టు జోలికి పోకు, నల్లమట్టి జర్రున జారుతుంది. పొద్దున్నే వెళ్లు. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి ఎదురు తగిలి, తెలియకుండానే మోకాలి మీద బలం పెట్టేస్తావు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తాను. అంతవరకు సైకిలెక్కకు. సీటు బోల్టు తుప్పు పట్టి ఉంటుంది, ఇప్పుడే కాస్త కొబ్బరి నూనె వేసి ఉంచు.

మీ అక్క