లెక్కలో తొంభై ఏళ్లు, బెల్టు కింద ఎనిమిది నెలలు

పాఠకుల సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: కడప జిల్లాలోని ఒక సిమెంటు కర్మాగారంలో మెయింటెనెన్సు పని చూస్తున్నాను. క్రషర్ నుంచి సున్నపురాయి తెచ్చే కన్వేయరు బెల్టు వెడల్పు 1200 మి.మీ., వేగం సెకనుకు 2.5 మీటర్లు, రవాణా గంటకు 1000 టన్నులు. రోలరు వ్యాసం 139.7 మి.మీ. మొదట 6205 బేరింగులు ఉండేవి. ఏడాదైనా నిలవడం లేదని, ఎక్కువ లోడు మోస్తాయన్న ఆశతో 6305 బేరింగులు వేయించాం. అయినా ఎనిమిది నెలలకే రోలర్లు అరుస్తున్నాయి. విప్పితే గ్రీజు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా కనబడుతోంది. ఇంకా పెద్ద బేరింగు వేయించాలా? బేరింగు మోయగల బరువు, దాని మన్నిక దేన్నిబట్టి నిర్ణయమవుతాయి?

జవాబు: ఇంకా పెద్ద బేరింగు అక్కరలేదు. మీరు వేసిన ప్రశ్నకు సగం జవాబు మీ ఉత్తరంలోనే, ఆ గ్రీజు రంగులోనే ఉంది. అక్కడికి వెళ్లే ముందు, మీరిచ్చిన అంకెలతోనే బేరింగు మీద నిజంగా ఎంత బరువు పడుతున్నదో లెక్కగడదాం.

గంటకు 1000 టన్నుల రాయి సెకనుకు 2.5 మీటర్ల వేగంతో సాగాలంటే మీటరు పొడవు బెల్టు మీద 111 కిలోల రాయి ఉండాలి. బెల్టు సొంత బరువు మీటరుకు 18 కిలోలనుకొని, ఆ మొత్తాన్ని రోలరు ఫ్రేముల మధ్య సాధారణంగా ఉండే 1.2 మీటర్ల ఎడంతో గుణిస్తే ఒక్కొక్క ఫ్రేము మీద సుమారు 155 కిలోలు పడతాయి. బెల్టు దోనెలా వంగి ఉంటుంది కనుక సరుకంతా నడుమనే కుప్పపడుతుంది. అందువల్ల మూడు రోలర్లలో నడిమిదే 70 శాతం దాకా మోస్తుంది. తిరిగే గొట్టం బరువు కూడా కలిపితే దాని వాటా దాదాపు 115 కిలోలు. దీన్ని రెండు బేరింగులు పంచుకుంటాయి. పెద్ద రాళ్లు రోలరు మీదుగా దొర్లేటప్పుడు తగిలే దెబ్బల కోసం ఒకటిన్నర రెట్లు వేసుకున్నా, ఒక్కో బేరింగు మీద పడేది 850 న్యూటన్లు, అంటే 87 కిలోల బరువు. కాస్త బొద్దుగా ఉన్న మనిషి బరువంత, అంతే.

ఇక బేరింగు శక్తి సంగతి. 6205కు సుమారు 14 కిలోన్యూటన్లు, 6305కు సుమారు 22 కిలోన్యూటన్లు అని కేటలాగుల్లో డైనమిక్ లోడు రేటింగు ఉంటుంది. తయారీదారునిబట్టి ఇది కొద్దిగా మారుతుంది. 22 కిలోన్యూటన్లంటే రెండు టన్నుల పైచిలుకు. బేరింగు అంత బరువును ఏళ్ల తరబడి మోస్తుందని చాలామంది అనుకుంటారు గాని, పది లక్షల చుట్లు తిరిగేదాకా మోయగల బరువు మాత్రమే అది. మీ రోలరు నిమిషానికి సుమారు 340 చుట్లు తిరుగుతుంది కనుక పది లక్షల చుట్లు రెండు రోజుల్లో పూర్తవుతాయి. అసలు బరువు తక్కువైతే ఆయుష్షు ఎలా పెరుగుతుందో చెప్పే సూత్రాన్ని స్వీడన్‌కు చెందిన లుండ్‌బర్గ్, పామ్‌గ్రెన్ 1947లో ప్రకటించారు. నేటి ఐఎస్ఓ 281 ప్రమాణానికి అదే పునాది. రేటింగును అసలు లోడుతో భాగించి, వచ్చిన అంకెను ఘనం చేస్తే, అన్ని పది లక్షల చుట్లు అన్నమాట. ఘనం చేస్తున్నాం కనుక లోడు రెట్టింపైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

ఈ లెక్కన మీ 6205 రెండు లక్షల గంటలకు పైగా తిరగాలి. రాత్రింబవళ్లు నడిపినా అది 25 ఏళ్లు. 6305కైతే ఎనిమిదిన్నర లక్షల గంటలు, 97 ఏళ్లు! వంద బేరింగుల్లో తొంభై దాటవలసిన ఆయుష్షు ఇది. మిగిలిన పది అంతకు ముందే పోవచ్చు. ఆ మినహాయింపు ఇచ్చినా, 25 ఏళ్లు రావలసిన బేరింగు ఏడాదికే పోయిందని మీరు 97 ఏళ్ల బేరింగు తెచ్చి వేశారు. రోగం ఒకటి, మందు ఒకటి. ఇంకో రుజువు మీ కన్వేయరు కిందే ఉంది. తిరుగు బెల్టును మోసే రోలర్ల మీద ఖాళీ బెల్టు బరువు తప్ప ఏమీ ఉండదు. వాటిని ఎన్నాళ్లకొకసారి మారుస్తున్నారో మీ స్టోర్సు రిజిస్టరులో చూడండి. అవీ ఇంచుమించు అంత తరచుగానే పోతూ ఉంటే తప్పు లోడుది కాదని మీకే అర్థమవుతుంది.

మోసే శక్తి దేన్నిబట్టి అని అడిగారు కనుక అది కూడా క్లుప్తంగా చెబుతాను. గుండ్ల పరిమాణం, వాటి సంఖ్య, అవి దొర్లే గాడి వంపు, ఉక్కు శుభ్రత, గట్టిదనం – ఇవి కలిసి రేటింగును నిర్ణయిస్తాయి. 6205లో సుమారు 8 మి.మీ. గుండ్లు తొమ్మిది ఉంటాయి; 6305లో గుండ్ల సంఖ్య తక్కువే గాని అవి లావుగా ఉండటం వల్ల రేటింగు పెరుగుతుంది. ఇదంతా బేరింగు కర్మాగారంలోనే నిర్ణయమైపోతుంది, మన చేతిలో లేదు. మన్నిక మాత్రం చాలావరకు రోలరు తయారుచేసినవారి చేతిలోను, దాన్ని వాడే మన చేతిలోను ఉంటుంది.

ఇప్పుడు ఎర్ర గ్రీజు సంగతి. ఆ ఎరుపు తుప్పుది; అంటే నీరు చేరింది. ఎలా చేరిందన్నది గమనించదగ్గ విషయం. రోలరు లోపల ఖాళీ గొట్టం ఉంటుంది, మీ కొలతకు అందులో సుమారు ఆరు లీటర్ల గాలి పడుతుంది. ఎండకు, రాపిడికి కాగి 60 డిగ్రీలకు చేరిన రోలరు మీద ఒక్కసారిగా వాన కురిసి 30 డిగ్రీలకు చల్లబడితే లోపలి గాలి తొమ్మిది శాతం కుంచించుకుపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి రోలరు దాదాపు అర లీటరు గాలిని బయటినుంచి పీలుస్తుంది. పీల్చడానికి ఉన్న దారి, దుమ్మును ఆపడానికి రోలరు చివర పెట్టే సీలూ, బేరింగూ మాత్రమే. సీలు అంచున నీళ్లు నిలిచి ఉంటే గాలికి బదులు ఆ నీళ్లే, వాటితోపాటు సున్నపురాయి దుమ్మూ లోపలికి పోతాయి. వాన వెలిసి బెల్టు మళ్లీ నడిస్తే రోలరు వేడెక్కి గాలిని వదులుతుంది, చల్లబడితే మళ్లీ పీలుస్తుంది. మన ఊపిరిలాగే.

కాబట్టి మీరు డబ్బు పెట్టవలసింది సీలు మీద. ఒకదానిలో ఒకటి ఇమిడే వలయాలతో, దుమ్ము లోపలికి చేరాలంటే అనేక మలుపులు తిరగవలసి వచ్చేలా చేసిన లాబిరింత్ సీలు, దాని వెలుపల నీటిని విసిరికొట్టే రేకు మూత, లోపలి వైపున కూడా గొట్టంలోని తుప్పు పొట్టు బేరింగులో పడకుండా మరో సీలు ఉండాలి. లాబిరింత్ సందుల నిండా గ్రీజు కూరాలి; అక్కడ గ్రీజు పనే దుమ్మును పట్టి ఆపడం. బేరింగులో మాత్రం ఖాళీ స్థలంలో మూడో వంతు నుంచి సగం దాకా చాలు. నిండా కూరితే గుండ్లు గ్రీజును చిలుకుతూ వేడెక్కుతాయి. 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీలకు గ్రీజు ఆయుష్షు సగమవుతుందన్నది బేరింగు పరిశ్రమలో అందరూ పాటించే లెక్క. గుండ్లను ఒకదానికొకటి తగలకుండా ఎడంగా పట్టి ఉంచే చట్రాన్ని కేజీ అంటారు; అందుబాటులో ఉంటే నైలాన్ కేజీ ఉన్న బేరింగు అడగండి. గ్రీజు పాడైనప్పుడు ఇనుప కేజీ అరిగి, ఆ ఇనుపపొడి కూడా దుమ్ముకు తోడవుతుంది.

రెండో కారణం షాఫ్టు. బేరింగు నంబరులో చివరి రెండు అంకెలను అయిదుతో గుణిస్తే లోపలి రంధ్రం వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. 6205కైనా 6305కైనా అది 25. అంటే మీరు బేరింగును మార్చారు గాని షాఫ్టు లావు మారలేదు. షాఫ్టు బరువుకు కొద్దిగా వంగుతుంది. ఆ వంపువల్ల లోపలి రింగు వాలి, గుండ్లు గాడి అంచుల మీదికి ఎక్కుతాయి. ఇలాంటి బేరింగులు ఒక డిగ్రీలో ఆరో వంతుకు మించిన వాలును ఓర్చుకోలేవు. షాఫ్టు వంగకుండా నిలిచే శక్తి వ్యాసం నాలుగో ఘాతాన్నిబట్టి పెరుగుతుంది కనుక 25 నుంచి 30 మి.మీ.కు వెళితే వంపు సగానికి తగ్గుతుంది. 6206 రేటింగు 6305 కన్నా కొంచెం తక్కువే అయినా, మీ బెల్టుకు నేనైతే 6206నే ఎంచుకుంటాను. బేరింగును సి3 క్లియరెన్సుతో, అంటే గుండ్లకూ రింగులకూ మధ్య మామూలుకన్నా ఎక్కువ సందు ఉన్నదాన్ని, తీసుకోండి. రోలరులో తిరిగేది వెలుపలి రింగు కాబట్టి దాన్ని హౌసింగులో, అంటే గొట్టం చివర బేరింగు కూర్చునే గూటిలో, బిగువుగా ఎక్కిస్తారు. ఆ బిగువుకు లోపలి సందు కొంత తరిగిపోతుంది.

ఒక ఫ్రేము పక్కవాటికన్నా అయిదారు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్నా ఇరుగుపొరుగుల బరువు దాని మీదే పడుతుంది. అవే రోలర్లు, అదే చోట మళ్లీ మళ్లీ పోతూ ఉంటే దారం కట్టి చూడండి.

ప్రశ్న: కరీంనగర్ సమీపంలో గ్రానైటు కంకర క్రషర్ నడుపుతున్నాను. పేరున్న కంపెనీ బేరింగులు నేనే కొనిచ్చి, రోలర్లను స్థానిక వర్కుషాపులో చేయించుకుంటాను. కొన్ని మూడేళ్లు తిరుగుతాయి, కొన్ని మూడు నెలలకే జామవుతాయి. బేరింగులు ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు?

జవాబు: అన్నీ త్వరగా పోతూ ఉంటే దుమ్మును అనుమానించాలి, కొన్నే పోతుంటే తయారీని అనుమానించాలి. గొట్టానికి రెండు చివర్లా హౌసింగులను వెల్డింగు చేసేటప్పుడు అవి ఒకే గీతలో రాకపోతే, ఎంత మంచి బేరింగైనా మొదటి రోజు నుంచే మెలిపడి తిరుగుతుంది. పోయిన బేరింగును పారేయకుండా కోయించి, గాడుల్లో గుండ్లు నడిచిన మెరుపు జాడ చూడండి. రోలరులో షాఫ్టు తిరగదు కనుక లోపలి రింగు మీద బరువు పడే చోటు మారదు. అక్కడ జాడ ఏటవాలుగా ఉంటే షాఫ్టు వంగుతున్నదని అర్థం. వెలుపలి రింగులో జాడ ఏటవాలుగా ఉండి, లోపలి రింగులో వెడల్పుగా పరచుకొని ఉంటే హౌసింగు వంకరగా కూర్చున్నదని అర్థం. ఈ రెండో రకం కనబడితే వర్కుషాపువారికి ఆ ముక్కనే చూపించండి.

బేరింగు ఎక్కించే తీరు కూడా చూసి రండి. ఒక వర్కుషాపులో నేను కళ్లారా చూశాను: కుర్రవాడు గొట్టాన్ని నిలువుగా నిలబెట్టి, షాఫ్టు మీదికి దిగని బేరింగును వెలుపలి రింగు మీద సుత్తితో నాలుగు పోట్లు వేసి దించాడు. ఆ దెబ్బ గుండ్ల ద్వారానే లోపలి రింగుకు చేరుతుంది కనుక గుండు గుండుకూ గాడిలో ఒక చిన్న నొక్కు పడుతుంది. ఆ రోలరు కొత్తదే, చేత్తో తిప్పితే నున్నగానే తిరుగుతుంది, కాని చెవి ఆనిస్తే టకటకమంటుంది. బేరింగును షాఫ్టు మీదికి దించేటప్పుడు లోపలి రింగును, హౌసింగులోకి నొక్కేటప్పుడు వెలుపలి రింగును, రెండూ ఒకేసారి అయితే రెండింటికీ ఆనే మందపాటి వాషరును పెట్టి ప్రెస్సుతో నొక్కాలి. అలాగే, బెల్టు ఫ్రేముకు ఎక్కడో వెల్డింగు చేస్తూ ఎర్తు క్లాంపును దూరంగా తగిలిస్తే కరెంటు రోలరు బేరింగుల గుండా పారి గాడులను కాల్చేస్తుంది. క్లాంపు వెల్డింగు చేసే చోటుకు పక్కనే ఉండాలి.

మీకు మరో ఇబ్బంది ఉంది. సున్నపురాయి మెత్తనిది, గ్రానైటులోని క్వార్ట్జు బేరింగు ఉక్కుకన్నా గట్టిది. చిటికెడు పొడి లోపలికి పోయినా గాడిని గరుకు కాగితంలా గీస్తుంది. కాబట్టి మొదటి పాఠకునికి సీలు గురించి చెప్పినవన్నీ మీకు ఇంకా ఎక్కువగా వర్తిస్తాయి. ఆర్డరులో రోలరు కొలతలు ఐఎస్ 8598 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఉండాలని రాయించుకోవడం మంచిదే గాని, సరుకు వచ్చాక ప్రతి రోలరునూ ఇనుప దిమ్మల మీద పెట్టి, వంకరను కొలిచే డయల్ గేజీ ఆనించి, తిప్పి చూసుకోవడం అంతకన్నా మంచిది. వచ్చిన రోలర్లను ఆరుబయట నిలువుగా పేర్చవద్దు. పై సీలులో వాననీరు నిలిచి, బెల్టు కిందికి చేరకముందే అవి తుప్పు పడతాయి.

ప్రశ్న: రోలరు జామైనా బెల్టు దాని మీదుగా జారుతూ నడుస్తూనే ఉంటుంది కదా. షట్‌డౌను దాకా అలా వదిలేయవచ్చా?

జవాబు: వదిలేయకూడదు. బెల్టు రాపిడికి గొట్టం ఒకే చోట అరిగి, చిల్లు పడి, ఆ చిల్లు అంచు కత్తిలా తయారై బెల్టును నిలువునా కోస్తుంది. రోలరు ఖరీదు ఎంత, బెల్టు ఖరీదు ఎంత? బొగ్గు కన్వేయర్లలోనైతే కాగిన రోలరు చుట్టూ చేరిన బొగ్గుపొడి అంటుకొనే ప్రమాదం కూడా ఉంది. ఆపడానికి వీలుకాకపోతే, రక్షణ నియమాలు అనుమతించిన పద్ధతిలో, కనీసం బెల్టు దానికి తగలకుండా రోలరును దించేయించండి. ఏ రోలరు పోబోతున్నదో ముందే పట్టుకోవడానికి వేడి కొలిచే తుపాకీ చాలు. పక్క రోలర్లకన్నా చెప్పుకోదగినంత వేడిగా ఉన్నదాన్ని సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. అయితే మన వేసవిలో పగలు ఎండకే అన్ని రోలర్లూ కాలుతూ ఉంటాయి కనుక ఆ పనిని రాత్రి షిఫ్టులో, తెల్లవారక ముందే ముగించండి. ఆ వేళకు పరిసరాల చప్పుడు కూడా తగ్గి, ఏ రోలరు అరుస్తున్నదో చెవికే తెలుస్తుంది.