గట్టు మావారే వేస్తానంటున్నారు, చీటీ పాడనా?

ప్రశ్న: మాది గాజువాకలో సొంత ఫ్లాట్. వంటగది గట్టు కడప బండ, సింకు పక్కన పగిలింది. ఎల్ ఆకారంలో 30 చదరపు అడుగులు ఉంటుంది. గ్రానైట్ పలక వేయడానికి మేస్త్రి అంతా కలిపి 46,000 అడిగాడు. మావారు గ్రానైట్ టైల్స్ తెచ్చి తనే అతికిస్తానంటున్నారు. 15,000లో అయిపోతుందట. మిగిలే 31,000 జూన్‌లో పాప ఫీజుకి వస్తాయని ఆశ. డబ్బు కోసం చీటీ పాడనా, క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టనా? చీటీ లక్ష రూపాయలది, 20 నెలలు. ఇప్పుడు ఎనిమిదో నెల, పాట 20,000 తగ్గింపు దాకా పోతోంది. 60,000 ఎఫ్‌డీ ఉంది గానీ దాన్ని కదపడం ఇష్టం లేదు.

జవాబు: ముందు మీవారి 15,000 సంగతి చూద్దాం. అది టైల్స్, సిమెంటు లెక్క అయి ఉంటుంది. గ్రైండరు, డైమండ్ బ్లేడు, పళ్లున్న తాపీ, రసమట్టం, కళ్లద్దాలు, మాస్కు కొంటే 5,000 దాకా అవుతుంది. రాయికి పనికొచ్చే గమ్ము, సందుల్లో నింపే ఎపాక్సీ, పైన పూసే సీలర్ ఇంకో 4,500. సందులకి మామూలు సిమెంటు చాలు కదా అనుకోవద్దు. మన వంటల పసుపు, నూనె దాంట్లోకి దిగితే మళ్లీ పోదు. సింకు విప్పి బిగించే ప్లంబరుకి, పగిలి ఊడొచ్చే బండ ముక్కలు కిందికి దింపడానికి 2,500 వేసుకోండి. ఇప్పటికే 27,000. కొట్టుకొట్టుకీ ధర మారుతుంది కాబట్టి ఇవి నా అంచనాలే. పగిలే టైల్స్, గట్టు ఆరేదాకా బయట తెచ్చుకునే టిఫిన్లు, భోజనాలు కలిపి ఇంకో 4,000. అంటే మీకు నిజంగా మిగిలేది 15,000. తక్కువేం కాదు. కానీ పాప ఫీజుకి మీరు అనుకున్నదాంట్లో అది సగమే.

ఇంకో మాట, ఇది లెక్కల మనిషిగా కాదు, వంటింటి మనిషిగా చెబుతున్నాను. మీ ఇంట్లో కొబ్బరికాయ ఎక్కడ కొడతారు? గట్టు అంచు మీదే అయితే సన్నటి టైల్ ఎన్నాళ్లో ఆగదు, కింద గమ్ము సరిగా పట్టని చోట అయితే మరీను. నేనూ ఓసారి స్నానాలగది అరకి నాలుగు టైల్స్ అతికించాను. రెండు నెలల్లో రెండు ఊడి కింద పడ్డాయి. అక్కడ కాబట్టి నవ్వుకున్నాం.

అందుకే నేను మధ్యదారి చెబుతాను. గ్రానైట్ కొట్లలో పెద్ద పలకలు కోయగా మిగిలిన ముక్కలుంటాయి. మనకి రాయి దూరం నుంచి రానక్కర్లేదు, పక్కనే శ్రీకాకుళం జిల్లా టెక్కలి నీలి గ్రానైట్‌కి పెట్టింది పేరు. 18 మిల్లీమీటర్ల మందంలో రెండడుగుల వెడల్పు ముక్కలు మూడు దొరికితే మీ గట్టు దాదాపు నిండుతుంది, రెండే అతుకులు వస్తాయి. సింకు కోత, అంచు పాలిష్ కొట్లోనే చేయించండి. గ్రైండరు కొనే పని తప్పుతుంది. అంతకన్నా ముఖ్యం, గ్రానైట్ కోస్తే లేచే సిలికా దుమ్ము మీ పాప ఊపిరితిత్తుల్లోకి పోదు. ఇంటికి తెచ్చి పరిచే పని మీవారిది. అయిదడుగుల ముక్క 45 కిలోలకి పైనే తూగుతుంది, మీ మరిదినో పక్కింటాయననో సాయం పిలవండి. ఇదంతా కలిపి 30,000 లోపు వస్తే టైల్స్ మాట మరిచిపోండి. దాటితే టైల్సే వేసుకోండి. చూడ్డానికి బాగుందని మార్బుల్ మాత్రం తేవద్దు. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే మెరుపు పోయి మచ్చ తేలుతుంది.

ఏది కొనబోయే ముందైనా గట్టు కింద టార్చి వేసి చూడండి. మనది సముద్రపు గాలి. బండ కింద ఇనుప యాంగిల్స్ ఉండి తుప్పు పట్టి ఉంటే ఆ తుప్పే ఉబ్బి బండని పైకి నెట్టి పగలగొట్టి ఉండొచ్చు. పగిలిన చోట నొక్కితే కదులుతోందా? అయితే దాని మీద ఏది అతికించినా అదే గీతలో మళ్లీ పగులుతుంది. అప్పుడు సొంత పని ఆలోచన మానేసి మేస్త్రినే పిలవండి. 46,000 దగ్గర బేరం ఆడండి, అంతే.

ఇక డబ్బు. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది టైల్స్ కాదు, చీటీ. కావలసింది 30,000. దానికోసం 20,000 వదులుకుని 80,000 తెచ్చుకుంటారా? మీవారు నాలుగు ఆదివారాలు నడుం వంచి మిగిల్చే 15,000 ఆ ఒక్క పాటలోనే పోతుంది, పైన ఇంకో 5,000 కూడా. చేతిలో మిగిలిన 50,000 ఏ ఫ్రిజ్జుకో పోతుందని నా అనుమానం. కార్డు ఈఎంఐ నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్‌టీ సాధారణంగా మీ నెత్తినే పడతాయి. ఒక నెల బిల్లు తప్పితే నెలకి 3 శాతం పైచిలుకు వడ్డీ.

మీరు కదపనన్న ఎఫ్‌డీయే ఇక్కడ పనికొస్తుంది, అదీ విరగ్గొట్టకుండానే. దాని మీద 30,000 అప్పు తీసుకోండి. బ్యాంకులు ఎఫ్‌డీ వడ్డీ మీద సాధారణంగా ఒకటి రెండు శాతం ఎక్కువ వేస్తాయి. ఎఫ్‌డీ వడ్డీ ఎలాగూ మీకు వస్తూనే ఉంటుంది కాబట్టి ఏడాదంతా ఉంచినా మీకు నికరంగా పడేది 300 నుంచి 600 రూపాయలు. నెలకి 5,000 కడితే ఆరేడు నెలల్లో తీరిపోతుంది. ఇప్పుడు ఎలాగూ చీటీకి కడుతున్నారు, దానికి తోడు ఇది బరువనిపిస్తే నెలకి 3,000 చొప్పున పది పదకొండు నెలలకి పెట్టుకోండి. ఫీజుకి వేరే దారి చూసుకోవాలి, ఈ పనిలో మిగిలే డబ్బుని నమ్ముకోవద్దు.

చీటీ మాత్రం పదిహేడు, పద్దెనిమిదో నెల దాకా పాడకండి. అప్పటికి తగ్గింపు బాగా పడిపోతుంది.