మిర్రర్ డిస్కుల సర్వర్‌కు కొత్త కెర్నల్: ముందు ఏది, తర్వాత ఏది?

(కంప్యూటర్ ప్రశ్నలు – జవాబులు. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. టెర్మినల్‌లో ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.)

ప్రశ్న: పలాసలో మాది జీడిపప్పు ఫ్యాక్టరీ. లెక్కలన్నీ ఉబుంటు 20.04 సర్వర్‌లో ఉన్నాయి. రెండు 2 టీబీ డిస్కులను ఎండీఏడీఎం (డిస్కులను కలిపి నడిపే లినక్స్ ప్రోగ్రామ్)తో రెయిడ్-1గా, అంటే రెండిటిలోనూ ఒకే డేటా ఉండే మిర్రర్‌గా పెట్టారు. పెట్టిన అబ్బాయి ఇప్పుడు ఊళ్లో లేడు. 22.04కు మారితే రెయిడ్ విరిగిపోతుందా? ఏది ముందు చెయ్యాలి? – ఒక పాఠకుడు, పలాస

జవాబు: 22.04కు మారితే కెర్నల్, అంటే సిస్టమ్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్, మారుతుంది. అంతమాత్రాన మిర్రర్ విరగదు. ఏ డిస్కు ఏ అర్రే (కలిపి కట్టిన డిస్కుల జట్టు)లోదో చెప్పే సూపర్‌బ్లాక్ డిస్కుల మీదే ఉంటుంది, కొత్త కెర్నల్ కూడా దాన్నే చదువుకుంటుంది. ఇబ్బందంతా బూట్ దగ్గర వస్తుంది. ఇప్పుడు అందరూ వాడే 1.2 రకం సూపర్‌బ్లాక్‌ను చూసి కెర్నల్ తనంతట తాను అర్రేను కట్టుకోదు. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అనే బూట్ ఇమేజ్‌లో ఎండీఏడీఎం నకలు, దాని కాన్ఫిగరేషన్ ఫైల్ నకలు ఉంటాయి. రూట్ (సిస్టమ్ ఫైళ్లుండే భాగం) మౌంట్ కాకముందే, అంటే వాడకానికి తెరుచుకోకముందే, ఆ పని చేసేవి అవే. అసలు ఫైల్ సరిదిద్ది, ఇమేజ్ మళ్లీ కట్టడం మరిచారో, సర్వర్‌కు పాత మాటే గుర్తుంటుంది.

ముందు డిస్కుల ఆరోగ్యం. 'క్యాట్ /ప్రాక్/ఎండీస్టాట్' కొడితే [యూయూ] అని రావాలి. [యూ_] వచ్చిందంటే ఒక డిస్కు జారిపోయింది. అప్‌గ్రేడ్ మాట పక్కనపెట్టి ముందు డిస్కు మార్చండి. [యూయూ] వచ్చినా సరిపోదు. ఏళ్లుగా ఎవరూ చదవని సెక్టార్ ఏదైనా చచ్చి ఉండొచ్చు. అందుకని రూట్ యూజర్‌గా (అన్ని అధికారాలతో) '/సిస్/బ్లాక్/ఎండీ0/ఎండీ/సింక్_యాక్షన్' ఫైల్‌లోకి 'చెక్' అనే మాట పంపండి. 2 టీబీ మొత్తం చదవడానికి నాలుగైదు గంటలు పడుతుంది, రాత్రికి వదిలేయండి. తెల్లారాక రెండు డిస్కులకూ 'స్మార్ట్‌సీటీఎల్ -ఎ' నడిపి 197 నంబరు ఉన్న వరుస, అంటే పెండింగ్ సెక్టార్ల లెక్క చూడండి. సున్నా కాకపోతే ఆ డిస్కును నమ్మకండి.

తర్వాత 'ఎండీఏడీఎం --డీటెయిల్ --స్కాన్' ఇచ్చే వరుసను '/ఈటీసీ/ఎండీఏడీఎం/ఎండీఏడీఎం.కాన్ఫ్'లో ఉన్నదానితో పోల్చండి. అక్కడ లేకపోయినా, యూయూఐడీ (పొడవాటి గుర్తింపు సంఖ్య) తేడాగా ఉన్నా, రీబూట్ అయ్యాక ఎండీ0 కాస్తా ఎండీ127గా లేవొచ్చు. అప్పుడు ఎఫ్‌స్టాబ్‌లో (ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసుండే ఫైల్) '/డెవ్/ఎండీ0' అని రాసి ఉంటే మౌంట్ కాదు. అక్కడ పేరు బదులు యూయూఐడీ రాయాలి. చాలామంది తప్పేది సరిగ్గా ఇక్కడే: ఎండీఏడీఎం చూపించేది అర్రే యూయూఐడీ, ఎనిమిదేసి అక్షరాల నాలుగు ముక్కలు, మధ్యలో కోలన్లు. ఎఫ్‌స్టాబ్‌కు కావలసింది 'బీఎల్‌కేఐడీ' కమాండ్ చూపించే ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ, మధ్యలో హైఫన్లు ఉంటాయి. ఒకదాని చోట ఇంకొకటి రాస్తే సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగుతుంది. సరిచేశాక 'అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -యూ' కొట్టి, పాత కెర్నల్‌తోనే ఒకసారి రీబూట్ చేసి చూడండి.

/బూట్ విడి పార్టిషన్ అయితే కనీసం 300 ఎంబీ ఖాళీ ఉంచండి. చోటు చాలకపోతే ఇమేజ్ సగంలో ఆగుతుంది, తెరమీద వచ్చే ఎర్రర్ గమనించకపోతే ఆ సంగతి రీబూట్ చేసినప్పుడే తెలుస్తుంది. బయాస్ (పాత పద్ధతి) బూట్ అయితే 'డీపీకేజీ-రీకాన్ఫిగర్ గ్రబ్-పీసీ'లో రెండు డిస్కులకూ టిక్ పెట్టండి. ఒకదాని మీదే గ్రబ్ (కెర్నల్‌ను లేపే బూట్ ప్రోగ్రామ్) ఉండి ఆ డిస్కే పోతే, రెండోదానిలో డేటా అంతా ఉన్నా మెషిన్ లేవదు. ఇక లెక్కల నకలు బయటి డిస్కులోకి తీసి, ఆ డిస్కును సర్వర్ నుంచి ఊడదీసి పెట్టండి. మిర్రర్ బ్యాకప్ కాదు: పొరపాటున చెరిపిన ఫైల్ రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది.

ఇప్పుడు వరుస. నేరుగా 22.04కు వెళ్తే కెర్నల్, ఎండీఏడీఎం రెండూ ఒక్క దెబ్బకే మారతాయి, చెడితే దేనివల్లో తెలీదు. 20.04లో ఉండగానే 'లినక్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-20.04' ప్యాకేజీ వేయండి, 5.15 కెర్నల్ వస్తుంది. 22.04లోనూ ఆ వరుస కెర్నలే. పాత 4.1 ఎండీఏడీఎంతోనే అది లేస్తే కెర్నల్ సంగతి తేలిపోయినట్టే. వారం నడిపాక 'డూ-రిలీజ్-అప్‌గ్రేడ్'తో 4.2 ఎండీఏడీఎం తెచ్చుకోండి. చివర్లో పాత ప్యాకేజీలు తీసేయనా అని అడుగుతుంది, వద్దనండి, 20.04తో వచ్చిన పాత 5.4 కెర్నల్ ఇంకా కొన్నాళ్లు ఉండాలి. ఇమేజ్‌లన్నీ ఒకేసారి కట్టే '-కె ఆల్' కూడా ఇప్పుడే వద్దు. నిన్నటిదాకా లేచిన పాత ఇమేజ్‌ను ముట్టుకోకపోవడమే మేలు.

కొత్త కెర్నల్‌ను ఒక్కసారికే ఎంచే 'గ్రబ్-రీబూట్'ను మీలాంటి సర్వర్లో నమ్ముకోవద్దు. /బూట్ రెయిడ్ మీద ఉన్నప్పుడు గ్రబ్ తన గుర్తుల ఫైల్‌ను చదవగలదు గానీ రాయలేదు, కాబట్టి ఆ 'ఒక్కసారి' గుర్తు చెరగదు. మానిటర్, కీబోర్డు తగిలించుకుని మెనూలోంచి చేత్తో ఎంచుకోండి. ఆఫీసులో కూర్చుని ఫోన్లో నడిపే పని కాదిది. యూపీఎస్ తప్పనిసరి. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటింది మీ పలాస దగ్గరే. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో ఈ పని పెట్టుకోకండి.

ఒకవేళ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర ఆగితే 'ఎండీఏడీఎం --అసెంబుల్ --స్కాన్' కొట్టి, అర్రే కనబడగానే 'ఎగ్జిట్' అనండి. ఎవరెన్ని చెప్పినా '--క్రియేట్' జోలికి పోవద్దు. అది పాత సూపర్‌బ్లాక్ మీద కొత్తది రాసేస్తుంది.

ప్రశ్న: విజయనగరంలో మాది పెళ్లి వీడియోల ఎడిటింగ్ స్టూడియో. 1 టీబీ, 2 టీబీ డిస్కులు కలిపి 2016లో రెయిడ్-0 (డేటాను డిస్కులకు పంచి రాసే పద్ధతి) చేశాం. కెర్నల్ మార్చాక అర్రే లేవడం లేదు. డిస్కులు పోయాయా? – ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పోలేదమ్మా, కెర్నల్ కావాలనే ఆగింది. సైజులు వేరైన డిస్కుల్లో చిన్న డిస్కు నిండాక మిగిలిన భాగంలో డేటా పేర్చే తీరు 3.14 కెర్నల్‌లో చడీచప్పుడు లేకుండా మారిపోయింది. అది బయటపడ్డాక, 5.4 నుంచి ఏ తీరో మీరే చెప్పాలని కెర్నల్ పట్టుబడుతుంది. 'డీఎంఈఎస్‌జీ' (కెర్నల్ సందేశాలు చూపే కమాండ్)లో 'మల్టీ-జోన్' అన్న మాట కనబడితే ఇదే కారణం. అర్రే కట్టిన ఏడాది కన్నా ఆనాడు డేటా రాసిన కెర్నల్ వెర్షన్ ముఖ్యం. అది 3.14 గానీ ఆ తర్వాతది గానీ అయితే కెర్నల్ బూట్ కమాండ్ లైన్‌లో 'రెయిడ్0.డిఫాల్ట్_లేఅవుట్=2' పెట్టండి, అంతకన్నా పాతదైతే 1. ముందు రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, పెద్ద వీడియోలు నాలుగు చివరిదాకా ఆడించి చూడండి. తప్పు అంకె పెట్టి రాయడం మొదలెడితే మాత్రం నిజంగానే చెడుతుంది. సరిగ్గా ఆడితే వెంటనే నకలు తీసుకోండి, ఏ ఒక్క డిస్కు పోయినా రెయిడ్-0 మొత్తం పోతుంది.

ప్రశ్న: అప్‌గ్రేడ్‌కు ముందు మిర్రర్‌లో ఒక డిస్కు ఊడదీసి దాచుకుంటే చాలదా? – ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: రెండే డిస్కులుంటే వద్దు. పని జరిగినంతసేపూ సర్వర్ ఒంటి డిస్కు మీద నడుస్తుంది. మూడోది కొని 'ఎండీఏడీఎం --యాడ్'తో చేర్చి, '--గ్రో --రెయిడ్-డివైసెస్=3' ఇచ్చి, సింక్ పూర్తయ్యాక దాన్ని '--ఫెయిల్', '--రిమూవ్' చేసి తీయండి. అక్కరపడి దానితోనే బూట్ చేస్తే, పాత రెండిటినీ అదే మెషిన్‌కు తగిలించకండి. ఎవరికి వారు 'నేనే అసలు అర్రే' అంటారు. తగిలించే ముందు వేరే మెషిన్‌లో వాటి రెయిడ్ పార్టిషన్ల మీద '--జీరో-సూపర్‌బ్లాక్' నడపాలి.