రాలిన వెంట్రుక చివర తెల్ల గింజ ఉంటే కుదురు ఊడినట్టేనా?

అక్కా, డెలివరీ అయిన నాలుగో నెలకి దువ్వెన నిండా జుట్టు వస్తోందని, ప్రతి వెంట్రుక చివరా తెల్ల గింజ ఉందని, కుదుళ్లే ఊడిపోతున్నాయేమోనని భయపడుతున్నారు కదా. టెన్షన్ పడకండి, అది కుదురు కాదు. పెరగడం ఆగిన వెంట్రుక అడుగున గట్టిపడిన కెరటిన్, అంటే జుట్టూ గోళ్లూ తయారయ్యే ప్రోటీన్. వేళ్ల మధ్య నలిపి చూడండి, పొడిగా తగులుతుంది.

పెరిగే దశలో కుదురు చర్మం కింది కొవ్వు పొర దాకా దిగుతుంది. చుట్టూ సన్నటి రక్తనాళాలు అల్లుకుంటాయి. తల మీద ఈ దశ 2 నుంచి 6 ఏళ్లు సాగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో కింది భాగం కుంచించుకుపోయి పైకొస్తుంది, ఆ నాళాలూ తగ్గుతాయి. ఆపైన మూడు నెలల విశ్రాంతి, ఆ తర్వాత వెంట్రుక రాలుతుంది. మూలకణాలు మాత్రం పైన, రోమాన్ని నిక్కబొడిచే బుల్లి కండరం అతుక్కునే చోటే ఉండిపోతాయి. కొత్త వెంట్రుక పుట్టేది వాటితోనే.

గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ హార్మోన్ వల్ల రాలకుండా ఆగిన జుట్టంతా కాన్పయ్యాక ఒకేసారి విశ్రాంతిలోకి వెళ్తుంది. ఇప్పుడు రాలేది అదే. మామూలుగా ఏడాదిలోపు సర్దుకుంటుంది. ఈలోగా ఖరీదైన నూనెలకి డబ్బు తగలేయకండి. నుదుటి అంచున పొట్టి వెంట్రుకలు లేస్తున్నాయేమో చూసుకోండి. గుండ్రంగా మచ్చల్లా ఊడినా, ఏడాది దాటినా స్కిన్ డాక్టర్‌ని కలిసి థైరాయిడ్, ఐరన్ పరీక్షల గురించి అడగండి.